ఇరుసు కింద విరిగిన కాలు

ఆ రోజు ట్రాలీ కొంచెం ఒరిగినట్టు అనిపించింది. అనిపించినా నేను పక్కకు జరగలేదు.

గరిడేపల్లి నుంచి వచ్చిన ట్రాక్టర్ ట్రాలీ అది. కోతల కాలం. వడ్లు పొలంలోనే ఉన్నాయని రైతు మా రిపేరు షెడ్డు ముందే నిలబడ్డాడు. సూర్యాపేటలో మా షెడ్డుకు ఉన్న ఒక్క జాకీ వేరే బండి కింద ఉంది. ట్రాలీ ఇరుసు కింద ఇటుకలు పేర్చి, చక్రం ఊడదీసి, బేరింగు మీద సుత్తితో కొడుతున్నాను. పన్నెండేళ్లుగా అట్లాగే చేసేవాడిని. ఆ దెబ్బలకు ఇటుక పిండి అయింది. ఇరుసు నా ఎడమ కాలి మీద, మోకాలికి కొంచెం కిందగా పడింది.

నొప్పి వెంటనే తెలియలేదు. పాదం పక్కకు తిరిగి ఉండటం మాత్రం చూశాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, "టిబియా, ఫిబులా, మోకాలి కింది ఎముకలు రెండూ ఫ్రాక్చర్. ఆపరేషన్ చేయాలి" అన్నారు. కోదాడ నుంచి పరుగెత్తుకొచ్చిన మా బావమరిది ఆ మాట వినగానే అడ్డుపడ్డాడు. "ఆపరేషనంటే కాలు తీసేస్తారు బావా. మా దగ్గర పసరు కట్టు కట్టే ఆయనున్నాడు. నలభై రోజుల్లో నడుస్తావు." వాడిని తిట్టుకోవడం తేలికే. కానీ సరేనన్నది నేను.

కోదాడలో వాళ్లింట్లో మూడు నెలలు మంచం మీదే ఉన్నాను. కట్టు విప్పి నిలబడితే కాలు వంకర. అడుగు వేస్తే లోపల ఏదో కదులుతోంది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "ఓపిక పట్టు" అనేవాళ్లు. ఆ మాట వింటేనే ఒళ్లు మండేది.

చివరికి నా భార్య సైదమ్మ వాళ్ల తమ్ముడి ముందే చెప్పేసింది. "ఇగ చాలు. రేపు మిర్యాలగూడకు పోతున్నం."

మిర్యాలగూడ డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "నాన్-యూనియన్. ఎముక అతకనే లేదు. మొదటి వారమే వస్తే ఇంత కష్టం ఉండకపోయేది" అన్నారు. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మూడో వారానికి కుట్ల దగ్గర చీము పట్టింది. ఇన్ఫెక్షన్, ప్లేటు తీసేయాలన్నారు.

నాకు కోపం ఆగలేదు. "సారూ, ఒకటే పని రెండుసార్లు చేస్తే నా షెడ్డుకు ఎవ్వరు బండి తేరు" అన్నాను.

"బండికి చీము పట్టదు. నీ కాలికి పడతది" అన్నారు ఆయన, ఫైలులోంచి తల ఎత్తకుండానే. ప్లేటు తీసి, కాలి బయటినుంచి రాడ్లు బిగించే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ పెట్టారు. ఏడు నెలలు దానితోనే. లుంగీ కూడా సరిగా కట్టుకోలేకపోయేవాడిని.

ఒకరోజు షెడ్డులో నా భాగస్థుడైన చంద్రయ్య నన్ను చూడటానికి ఇంటికి వచ్చాడు. "ఇరుసు కింద ఇప్పుడేం పెడుతున్నవ్?" అని అడిగాను.

"ఏం పెడత? ఇటుకలే."

నా కాలు కళ్లముందు పెట్టుకుని ఆ మాట అన్నాడు. వాడు వెళ్లాక సైదమ్మను పెన్సిల్ అడిగి, ఎక్స్‌రే కవరు వెనక, ఇటుకలకు బదులు ఇరుసు కింద పెట్టే ఇనుప స్టాండు బొమ్మ గీశాను. లావు పైపులో సన్న పైపు, ఎత్తు మార్చడానికి రంధ్రాలు, అడ్డంగా ఒక పిన్ను, ఇరుసు కూర్చోవడానికి పైన గుంట.

ఫిక్సేటర్ తీశాక కర్ర పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. మోకాలు వంగదు, గొంతుక్కూర్చోలేను. బండి నా కుర్చీ ఎత్తుకు లేస్తేనే నాకు పని. పాత ఇనుప సామాన్ల కొట్టులో పైపులు ఏరి, కోసి, రెండు స్టాండ్లు వెల్డింగు చేయించాను. సైదమ్మ వచ్చి చూసి, "ఇసుక నింపిన ట్రాలీ పెట్టి సూడు. కింద ఎవ్వర్ని పోనియ్యకు" అంది.

పెట్టాం. తెల్లారేసరికి ఒక స్టాండు పిన్ను వంగి ఉంది. పిన్నుగా నేను వేసింది మామూలు బోల్టు. స్టాండు కాళ్లు కూడా దగ్గర దగ్గరగా పెట్టడంతో అది ఒరిగింది. చంద్రయ్య నవ్వాడు. "నీ కాలు లెక్కనే అయింది." రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మనిషికి ఒక్కపని కూడా మొదటిసారే కుదరదా అని ఎవరి మీదో తెలియని కోపం.

మళ్లీ కోయించాను. కాళ్లు వెడల్పు చేసి, కింద రేకు పలకలు వేసి, ట్రాక్టరుకు ట్రాలీ తగిలించే గట్టి పిన్నును వాడాను. ఈసారి ఇసుక ట్రాలీ వారం రోజులు కదలలేదు. మొదట కిందకు దూరింది చంద్రయ్యే. వాడు బయటకు వచ్చేదాకా నేను ట్రాలీ పక్కనే నిలబడ్డాను. వచ్చి ఒళ్లు దులుపుకుని, "ఇంకో జత చేపియ్" అన్నాడు.

ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తాను. ఎడమ కాలు అర అంగుళం పొట్టి కాబట్టి చెప్పుకు అదనంగా అట్ట వేయించుకున్నాను. వానాకాలం ఎముక సలుపుతుంది. బావమరిది వచ్చినప్పుడల్లా ముందు నా కాలు చూసి, తర్వాతే నా ముఖం చూస్తాడు. పోయిన ఏడాదిన్నర గురించి మేమిద్దరం మాట్లాడుకోం. కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను.

బండి కింద పని చేసేవాళ్లకు చెప్పేది ఒక్కటే. జాకీ దించి బరువంతా స్టాండ్ల మీదికి వచ్చాక, కిందకు దూరే ముందు రెండు చేతులతో బండిని గట్టిగా ఊపి చూడండి. పడేదుంటే మీరు బయట ఉన్నప్పుడే పడనివ్వండి.