వేశానన్న సీలు

ఆమెది కుట్టుమిషన్లు బాగుచేసే పని. వీధిలో అందరూ మిషన్లక్క అంటారు. పనిముట్లు వేసుకుని ఊరంతా తిరగడానికి ఒక పాత కారుంది. దాని ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య నూనె కారుతుంటే సొంత అన్నయ్య మెకానిక్ షెడ్డులో ఇచ్చింది. వారం తర్వాత అన్నయ్య, "ఇంజను దించి నూనె ఆపే రబ్బరు సీలు కొత్తది వేశానమ్మా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. పదో రోజుకే వాకిట్లో నల్లటి మడుగు.

అడగడానికి వెళ్తే నలుగురి ముందూ నవ్వాడు. "సూదీ దారం చూసుకునేదానివి, ఇంజను గొడవ నీకెందుకే?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి భర్తతో, "ఇంజను నేనే దించుతున్నా" అంది.

"పిచ్చా నీకు?"

"పిచ్చి కాదు, మంట. గొలుసు కప్పీ అద్దెకు తెస్తారా, నన్నే వెళ్లమంటారా?"

ఆయన తెచ్చాడు. ఇంటి కారుషెడ్డు ఇనుప దూలానికి కప్పీ కట్టారు. ఆమె బ్యాటరీ తీసి, రేడియేటరు నీళ్లు వంపి, విప్పిన ప్రతి వైరుకూ అంకె కుట్టిన గుడ్డపీలిక కట్టింది. బోల్టులు విప్పుతున్నంతసేపూ అన్నయ్యను తిడుతూనే ఉంది. ఒకటి ఎంతకీ వదలకపోతే దాన్నీ కలిపి తిట్టింది.

"బోల్టేం చేసిందే పాపం?" అన్నాడు భర్త, గొలుసు లాగుతూ.

ఇంజను గాల్లోకి లేచింది. ఇంజను చివరనున్న ఫ్లైవీలు చక్రం విప్పితే దాని వెనక ఉన్నది కొత్త సీలు కాదు. ఎండి బిరుసెక్కిన పాతదే, చుట్టూ జిగురు మెత్తి ఉంది. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది.

కొత్త సీలు తనే తెచ్చి వేసింది. ఇంజనును మళ్లీ కారులోకి దించితే గేరుబాక్సుకు వేలెడు దూరంలో ఆగిపోయింది. సగం రోజు గడిచింది. కోపంతో బంపరును తన్ని, కాలి వేలు పట్టుకుని కూలబడింది. భర్త స్పానరు పెట్టి ఇంజను ఇరుసును మెల్లగా తిప్పాడు. పళ్లు కలిసి ఇంజను టక్కున కూర్చుంది. తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. కింద పరిచిన అట్ట వారమైనా తడవలేదు.

సంగతి విని అన్నయ్య వచ్చాడు. "మా చెల్లి కదా! నా పక్కన కూర్చునే నేర్చుకుంది" అని పక్కింటివాళ్లతో గొప్పగా అన్నాడు.

ఆమె పాత సీలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఏం నేర్పావో ఇది చూసి చెప్పు."

"పనివాడెవడో..."

"కారు తీసుకుంది నువ్వు. వేశానన్నదీ నువ్వే."

అతను తల దించుకున్నాడే గానీ తప్పైందనలేదు. మర్నాడు వదిన ఫోన్ చేసింది. "ఇంత చిన్నదానికి అన్నాచెల్లెళ్లు మాటలు మానుకుంటారా?"

"చిన్నదే వదినా, అరచేతిలో పట్టేంత. అది కూడా వేయలేదు మీ ఆయన" అని ఫోన్ పెట్టేసింది.