కత్తికి లొంగని పెదరసం

ఫలాలను ప్రసాదించి, వాటికి బేరం కుదిర్చే భారాన్ని మాత్రం మనుష్యులకే విడిచిపెట్టిన పరమేశ్వరునికి నమస్కరించి, శ్రీ పరాభవ నామ సంవత్సర వైశాఖ బహుళ పంచమి నాడు తిరువూరులో మా ఇంటి వసారాలో కూర్చుని వ్రాస్తున్న మాటలివి.

ఆ రోజుల్లో నేను పడుచువాణ్ణి. వయసు చేత కాదు; వయసు అప్పటికే అరవై దాటింది. వ్యాపారంలో పడుచువాణ్ణి. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా జీవితకాలమంతా సంధులూ సమాసాలూ బోధించి, పదవీ విరమణ నాడు కప్పిన శాలువా మడత ఇంకా విప్పకముందే మా ప్రాంతపు మామిడి రైతుల సంఘంలో చేరి, అమ్మకమనే విద్యకు ఓనమాలు దిద్దుకొన్నాను. కొత్త కొలువులో చేరిన కుర్రవాడికి ఉండే ఉత్సాహమూ, ఆ కుర్రవాడికే ఉండే అజ్ఞానమూ నాలో సమపాళ్లలో ఉండేవి. చక్కగా కూర్చిన వాక్యానికి ఎదురు నిలువగల అధికారి భూమండలం మీద పుట్టలేదని నా దృఢ విశ్వాసం. (పుట్టాడనీ, పైగా ఎంతో మర్యాదస్థుడనీ ఆ వేసవిలోనే తెలిసింది.) జరిగి నాలుగేళ్లయినా, తలచుకొంటే ముందు ఒళ్లు మండుతుంది, ఆ తరువాత గాని నవ్వు రాదు. కనుక పాఠకులు కూడా అదే క్రమంలో భరించవలసి ఉంటుంది.

నేను ఆ సంఘంలో చేరడానికి కారణం మా అక్కయ్య. ఆమెది వినగడప. అక్కడ ఆమెకూ బావగారికీ ఉన్న తోటలో తూర్పు సగం బంగినపల్లి, పడమటి సగం పెదరసాలు. పెదరసం ఎరుగని పాఠకులు ఎవరైనా ఉంటే (ఉండకూడదని నా కోరిక) వారి కోసం ఒక మాట. అది కోసుకొని తినే పండు కాదు. రెండు అరచేతుల నడుమ మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, సొన కలిసిన మొదటి చుక్కను పిండి పారవేసి, అప్పుడు నోటికి ఆనించి జుర్రుకోవలసిన పండు. దాని లోపల ఉన్నది కండ కాదు, పీచు పట్టి నిలిపిన రసం. అయితే పండిన రెండు మూడు రోజులకే మెత్తబడిపోతుంది. అందుచేత కమీషన్ వ్యాపారి దాన్ని చూడగానే పెదవి విరిచి, బంగినపల్లి పక్కన కొసరు వేసినట్లుగా ఒక ధర చెప్పేవాడు. ఏటేటా అదే విరుపు చూసి బావగారికి విసుగు పుట్టింది.

"ఈ ఏడు కూడా రసాలకి వాడు చెప్పిన రేటే అయితే, సీజన్ అయిపోగానే మిషను పెట్టించి ఆ చెట్లు కొట్టించేస్తా. ఆయిల్ పామ్ మొక్కలకి గవర్నమెంటే రాయితీ ఇస్తోంది" అన్నారొకనాడు భోజనాల దగ్గర.

"కొట్టించండి. నన్ను కూడా ఆ దుంగల్తో కలిపి లారీ ఎక్కించండి" అంది అక్కయ్య, ఆయన కంచంలో పప్పు వడ్డిస్తూ.

"నీకు లారీవాడు రేటివ్వడే."

"మీకిచ్చేది అంతకన్నా తక్కువే లెండి." అని నా వైపు తిరిగింది. "ఏరా తమ్ముడూ, అంత చదువు చదివావు, నాలుగు పళ్లు అమ్మిపెట్టలేవా? కాపురానికొచ్చిన ఏడు మా మామగారు నా చేత నాటించిన చెట్లురా అవి."

చదువును అడ్డం పెట్టి అడిగితే కాదనగలనా? సంఘంలో చేరాను.

సంఘానికి కార్యదర్శి ఫ్లెక్సీ బాబాయి. పెళ్లికైనా పరామర్శకైనా ముందు ఫ్లెక్సీ కట్టించి తరువాత మనిషి వెళ్లే స్వభావం గనుక ఆ పేరు వచ్చింది. ఆయనే ఒక ఉదయం మా ఇంటికి వచ్చి శుభవార్త చెప్పాడు. "మాస్టారూ, గవర్నమెంటు గ్రాంటు వచ్చిందండి. రైతులే సొంతంగా పళ్లమ్ముకునే దుకాణానికంట. టెంటు, ట్రేలు, బోర్డు, ఆటో కిరాయి, మొత్తం వాళ్లే ఇస్తారు."

"ఎప్పుడిస్తారు?"

"ముందు మనం పెట్టుకోవాలండి. వాళ్లొచ్చి చూసుకున్నాక ఇస్తారు."

ఆకలితో ఉన్నవాడికి, ముందు నీ ఇంట్లో తినిరా, అరిగిన తరువాత అన్నం పెడతాను అన్నట్లుంది సాయం. అయినా నిబంధనలు తెప్పించి చదివాను. చదివినకొద్దీ కోపం వచ్చింది. బోర్డు పొడవెంతో వెడల్పెంతో ఉన్నది. గుడారం రంగు ఉన్నది. అమ్మేవారి తలకు టోపీ, చేతులకు తొడుగులు ఉన్నవి. పండు గడ్డిలో మగ్గినదా, మందు కొట్టి మాగించినదా అన్న సంగతి మాత్రం లేదు. మామిడి అమ్మకానికి వ్రాసిన నిబంధనల్లో మామిడిపండొక్కటే పిలవని అతిథి. చిట్టచివర మరొకటి: దుకాణంలో రుచి బల్ల ఉండవలెను, అమ్మకానికి పెట్టిన ప్రతి రకాన్నీ సమానమైన ముక్కలుగా కోసి, పుల్లలు గుచ్చి, ఆ బల్ల మీద ఉంచవలెను. అది చదివి నవ్వుకొన్నాను. మామిడికి నియమాలు వ్రాసినవారు ఎప్పుడో ఒకప్పుడు మామిడిపండు తిని ఉంటారు గదా అనుకొన్నాను.

బావగారు మాత్రం నవ్వలేదు. "ఇదిగో, అక్కాతమ్ముళ్లిద్దరూ వినండి. ఆఫీసువాళ్లు ఒప్పుకుని మీ దుకాణం నిలబడితే రసాలుంటాయి. లేదంటే మిషనే" అన్నారు. అక్కయ్య గడ్డివామి దగ్గరికి వెళ్లి, కాయలు మాగవేయడానికి వరిగడ్డి దూసుకొని వచ్చింది.

తిరువూరు బస్టాండు పక్కన దుకాణం వెలిసింది. బాబాయి పుణ్యాన బోర్డు నిబంధన కంటె జానెడు పెద్దదే అయింది. తనిఖీ నాటి ఉదయం అక్కయ్య షేర్ ఆటోలో ట్రేల మధ్య కూర్చుని వినగడప నుంచి దిగింది. ఆమె తలకు ప్లాస్టిక్ టోపీ పెట్టి చేతులకు తొడుగులు వేయడానికి నేనూ బాబాయీ పడిన పాట్లు చెప్పనలవి కాదు.

"తొడుగేసుకుంటే పండు మెత్తబడిందో లేదో నాకెట్లా తెలుస్తుందిరా?"

"తెలియక్కర్లేదు అక్కయ్యా, ఆఫీసరు వచ్చేదాకా ఉంచుకో."

"వచ్చేవాడు పండు చూడటానికొస్తున్నాడా, నా చేతులు చూడటానికా?"

ఆ వచ్చినవాడు ముప్పై ఏళ్లవాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మృదువైన మాట. అందరికీ నమస్కారం పెట్టాడు. టేపు పట్టి బోర్డు కొలిచాడు, గుడారానికి ఫోటో తీశాడు, అక్కయ్య టోపీకి ఫోటో తీశాడు (ఆ ఫోటో ఇప్పటికీ ఏదో ఆఫీసులో భద్రంగా ఉండి ఉంటుంది). బంగినపల్లి ముక్కలు చూసి సంతోషించాడు. అవి నాలుగు మూలలూ సరిగ్గా ఉండి, పుల్లలు నిటారుగా నిలబడి ఉన్నవి. తరువాత పెదరసాల ట్రే వైపు చేయి చూపాడు.

"ఇవి కూడా కోయండమ్మా."

"ఇది కోసేది కాదు బాబూ."

"ప్రతి రకం ముక్కలూ బల్ల మీద ఉండాలమ్మా. రూల్ అది."

"రూలు రాసినాయన మామిడిపండు తిన్నాడా, బొమ్మ చూశాడా?"

మాట పెరగకుండా బాబాయి కత్తి అందుకొన్నాడు. తొక్క తీసేటప్పటికే పండు చేతిలోంచి జారింది. కోయబోతే పీచు కత్తికి చుట్టుకొని వెంట వచ్చింది, రసం బల్ల మీదుగా పారి బంగినపల్లి పళ్లెం కిందికి చేరింది. చివరకు పళ్లెంలో మిగిలినదాన్ని బాబాయి ముక్కలే అన్నాడు గాని, అందులో గుచ్చిన ఏ పుల్లా నిలబడలేదు. ఒక్కొక్కటే పక్కకు ఒరిగి పడుకొంది. తెల్లచొక్కా సార్ దానికీ ఫోటో తీశాడు.

అక్కయ్య తొడుగులు ఊడదీసి ట్రేలో పడేసింది. "ఇటు రా అబ్బాయ్. చెయ్యి చాపు" అని ఒక పండును తానే పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క పిండి, అతని చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే విజయవాడ బస్సు ఒకటి వచ్చి మా ఎదుట ఆగింది. "సార్, ముందుకి వంగండి, చొక్కా పోద్ది" అని కిటికీలోంచి ఎవరో హితవు చెప్పారు. ఆయన వంగలేదు. జెండా వందనానికి నిలబడినట్లు నిటారుగా నిలబడి పండును నోటికి ఆనించాడు. రసం గడ్డం మీదికి, గడ్డం నుంచి చొక్కా మీదికి, ముంజేతి వెంబడి మోచేతి దాకా దిగింది. బస్సంతా నవ్వింది.

"నీళ్లిమ్మంటావా బాబూ?"

వద్దన్నట్లు తల ఊపాడు. మాట్లాడటానికి నోరు ఖాళీ లేదు. టెంక తెల్లబడేదాకా చీకి, తానే చేయి చాపి రెండో పండు అడిగాడు. దాన్ని మాత్రం వంగి తిన్నాడు. ఈ లోపల బస్సు దిగి వచ్చినవారు "మాక్కూడా ఇవ్వండి మామ్మగారూ" అంటూ బల్ల చుట్టూ మూగారు. కండక్టరు రండి రండి అని అరుస్తూ, తానూ ఒక పండు పుచ్చుకొన్నాడు. సార్ చేతులు కడుక్కొని, "చాలా బాగుందమ్మా. చిన్నప్పటి నుంచీ ఇంత మంచి పండు తినలేదు. ఇంటికి రెండు డజన్లు కట్టండి" అన్నాడు. నేను గెలిచామనుకొన్నాను. రోడ్డుకు అవతల టీ కొట్టులో కూర్చున్న బావగారి వైపు ఒక విజయ దరహాసం కూడా విసిరాను.

డబ్బులిచ్చి పళ్ల సంచీ స్కూటరుకు తగిలించి వచ్చి ఆయన నాతో అన్నాడు: "సార్, ఈ రకం మాత్రం పనికిరాదండి. ముక్కలుగా రావడంలేదు. దుకాణంలో ఇది ఉంటే గ్రాంటు మొత్తం ఆగిపోతుంది."

నా జీవితమంతా నేను ఎదురుచూసిన క్షణం అదేనేమో అనిపించింది. కండువా సవరించుకొన్నాను. "అయ్యా, ఫలము యొక్క స్వభావమును బట్టి భుజించు విధానము ఏర్పడవలెను గాని, విధానమును బట్టి ఫలము యొక్క స్వభావము మారజాలదు. మీరు రెండు ఫలములను స్వయముగా ఆస్వాదించితిరి. మీ జిహ్వ ఇచ్చిన తీర్పును మీ హస్తము తిరస్కరించుట న్యాయమా?" అని మొదలుపెట్టి, ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు, ఆ లోపల విస్సన్నపేట ఆటో ఒకటి నిండి వెళ్లిపోయింది. ఆయన చేతులు కట్టుకొని ఓపికగా అంతా విన్నాడు.

"మీరన్నది కరెక్టేనండి సార్. కానీ ఈ ఫారంలో ముక్కలున్నాయా లేవా అనే అడిగారండి."

"పాయసమును కూడా ముక్కలు కోసి చూపుమందురా?"

"పాయసానికి వేరే స్కీము ఉంటుందండి" అన్నాడు, రవ్వంత వెటకారం లేకుండా.

అక్కయ్య కల్పించుకొంది. "తిన్నావుగా బాబూ. బాగుందన్నావుగా. అది రాయి."

"నేను తిన్నది రాయడానికి లేదమ్మా. బల్ల మీదున్నదే రాయాలి. రసాలు తీసేసి బంగినపల్లి ఒక్కటే పెట్టుకోండి, వచ్చేవారం నేనే వచ్చి ఓకే చేస్తాను."

"ఇవి తీసేశాక నాకు దుకాణం ఎందుకు నాయనా?" అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు.

నాకు ఒళ్లు మండింది ఆయన మీద కాదు, ఇప్పటికీ కాదు. ఇష్టపడి తిన్న నోటికి సాక్ష్యం చెప్పే అధికారం లేకుండా చేసిన ఆ ఏర్పాటు మీద. రైతు పంటకు మార్కెట్టు చూపడానికని పుట్టిన సాయం, ఎదురుగా బస్సెడు జనం చేతులు చాపి అడుగుతుంటే వారిని చూడక, పళ్లెంలో పడుకొన్న పుల్లలను చూసి వెళ్లిపోయింది.

రసాలు తీయలేదు, గ్రాంటు రాలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో బావగారు అన్నారు: "అంత ఇష్టంగా తిన్నవాడే వద్దన్నాడు. ఇంకెవరు కొంటారే?"

"వద్దన్నది ఆఫీసు. మనిషి రెండు డజన్లు పట్టుకుపోయాడు" అంది అక్కయ్య.

ఒకే సంగతి ఇద్దరికీ రెండు విధాలుగా సాక్ష్యమిచ్చింది. తగువు తెగలేదు. టెంటూ ట్రేలూ ఎలాగూ కొన్నాం గనుక సీజన్ చివరి దాకా దుకాణం నడపాలని సంఘం తీర్మానించింది. ఆ టోపీ మళ్లీ ఎవరూ పెట్టుకోలేదు. బావగారు మాత్రం రోజూ వచ్చి అవతలి టీ కొట్టులో కూర్చుని చూసేవారు. సాయంత్రం ఆటో ఎక్కించేటప్పుడు రసాల ట్రేలు ఖాళీగా ఉండేవి. బంగినపల్లి ట్రేలు వచ్చినట్లే బరువుగా తిరిగి వెళ్లేవి. అవి తిరువూరులో ప్రతి బండి మీదా దొరుకుతాయి మరి. కొన్నాళ్లకు బావగారు టీ కొట్టు వదిలి ఇవతలికి వచ్చి, బస్సు ప్రయాణికులకు పండు ఎలా పిసకాలో తానే చూపించడం మొదలుపెట్టారు. "ముందుకి వంగండి, వంగండి" అనడం కూడా నేర్చారు.

నేను ఇప్పుడు ప్రసంగాలు చేయడం మానుకొన్నాను. ఎవరైనా సందేహిస్తే చేతిలో పండు పెట్టి ఊరుకొంటాను. వాక్యంతో ప్రభుత్వాన్ని కదిలించబోయిన ఆ అరవై ఏళ్ల కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తుకు వస్తాడు. కండువా సవరించుకొని, గొంతు సవరించుకొని, చుట్టూ ఈగలు ముసురుతుండగా, మామిడి రసంలో చెప్పులు అంటుకుపోయి నిలబడి ఉంటాడు. వాణ్ణి చూస్తే నవ్వు వస్తుంది. వాడి కోపం మాత్రం వాడిదే, నేను వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడు ఆషాఢ శుద్ధ దశమి నాడు బావగారు మిషను పెట్టించి తూర్పు సగంలోని బంగినపల్లి చెట్లన్నీ కొట్టించి ఆయిల్ పామ్ నాటించారు. ఆ మొక్కలకు రాయితీ శ్రావణ మాసంలో వచ్చింది. పడమటి సగంలో పెదరసాలు ఉన్నవి.