తల్లిపందికి పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో పందుల మేతను పందులకంటే ముందు రుచి చూసేది మా అవ్వ. యాడికి అనే ఊరికి ఆవల ఒక మెట్ట పల్లెలో, ఇళ్ళకు కొంచెం దూరంగా మా దొడ్డి ఉండేది. అంగడి మేత కొనే అలవాటు మాకు లేదు. ఊరు వదిలేసిందీ, నేల ఇచ్చిందీ, అదే మా పందుల తిండి. ఇంటింటా తెచ్చిన కుడితిలో తవుడు, ఉడికించిన ఆకు కలిపి, వేలు ముంచి నాలుకకు రాసుకున్నాకే అవ్వ తొట్టిలో పోసేది. పందులకు రుచేమిటని ఊళ్ళోవాళ్ళే కాదు, మా నాయన కూడా ఎగతాళి చేసేవాడు. పులిసింది పెట్టవచ్చు గానీ పాడైంది పెట్టకూడదన్నది ఆమె పద్ధతి.

ఒక ఏడు వాన రావలసినప్పుడు రాలేదు. వేరుశెనగ పీకి కుప్ప వేశాక వచ్చింది. ఉన్న కాస్త కాయా కుప్పలోనే బూజు పట్టింది. ఎవరింటా కుడితి మిగలడం లేదు, వాళ్ళ బర్రెలకే చాలదు. సరిగ్గా అప్పుడే మా తల్లిపంది ఈనింది. పిల్లలు ఎండిన చన్నులు గుంజుతుంటే అది ఓర్చుకోలేక లేచి పక్కకు పోయేది. ఆ పిల్లలు దక్కకపోతే నాయన వలస పోవాలి, నన్ను ఎవరింట్లోనో పనికి పెట్టాలి. పెద్దవాళ్ళు ఆ మాట అనుకుంటుంటే నేను విన్నాను.

ఒక సాయంత్రం నాయన మూట మోసుకుని వచ్చాడు. మేం కూలికి పోయే ఆసామి, ఎలాగూ పారేసేవే కదా అని బూజు కాయలు ఊరికే ఇచ్చాడట. చాలా రోజులకు నాయన ముఖం తేటగా కనబడింది. అవ్వ ఒక కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకుని నమిలి, ఉమ్మేసింది. చేదు.

"ఆకలి రుచెరగదు లేమ్మా. ఉడకబెట్టి పెడదాం," అన్నాడు నాయన.

"ఉడికితే మటుకు చేదు పోతాదా? తల్లి తిన్నదే పాలై పిల్లల నోట్లోకి పోతాది. వద్దప్పా."

"పెట్టకపోయినా సస్తాయి గదా!"

నాయన మాటలోనూ తప్పు లేదు. అయినా అవ్వ లోపలికి పోయి, అప్పుడే వండిన సంగటిలో తన ముద్ద తెచ్చి, నీళ్ళలో పిసికి తల్లిపంది ముందు పెట్టింది. అది చూసి నాయన, ఏ పశువూ ముట్టకుండా ఆ కాయలను గుంత తీసి పూడ్చి, తన ముద్ద కూడా తెచ్చి ఇచ్చాడు. అమ్మ తన దాంట్లో సగం తుంచింది. నేనూ నా ముద్ద పట్టుకుని పోయాను, ఏడుస్తూనే. ఆకలి అట్లాంటిది. అవ్వ నా చేయి పట్టుకుని వెనక్కి తిప్పింది.

"నీది నువ్వు తిను పాపా. నువ్వు గూడా పిల్లవే."

మర్నాటి నుంచి అవ్వా నేనూ ఎండిన వాగువంకలో తుంగగడ్డలు తవ్వి తెచ్చేవాళ్ళం. అవి తిని తల్లిపంది మెల్లగా పాలకు వచ్చింది. పిల్లలన్నీ దక్కలేదు. దక్కినవాటిని అమ్ముకునే ఆ ఏడాది గట్టెక్కాం. నాయన వలస పోలేదు, నేను ఎవరింటికీ పనికి పోలేదు. అవ్వ మాత్రం ఆ కరువులో చిక్కిన మనిషి మళ్ళీ కోలుకోలేదు. ఆ సాయంత్రం ఒక్కటే కాదు, ఇంకా చాలా పూటలు ఆమె నీళ్ళు తాగి పడుకుందని అమ్మ నాకు చాలా ఏళ్ళకు చెప్పింది. విని ఏడ్చాను.

వయసు దానంతట అదే వస్తుంది, పెద్దరికం అట్లా రాదు. తిండి తక్కువైన పూట తన ముద్ద తీసి ఇచ్చినవాళ్ళే పెద్దవాళ్ళని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నా తలంతా నెరిసింది, ఇంటినిండా మనవళ్ళున్నారు. అయినా అన్నం గిన్నె అడుగు కనబడిన ప్రతిసారీ, నేను నిజంగా పెద్దదాన్నయ్యానా అని నన్ను నేనే అడుగుతాను.