గుర్రం మేత మానేసిన వసంతం

మెదక్‌లో నేను కిరాయికున్న ఇంట్లో చలి వెనకబట్టిన సంగతి ముందుగా గుర్రం వెంట్రుకలు చెప్పేవి. ఇంటాయన పొద్దున్నే తన ఆడగుర్రాన్ని వాకిట్లోకి తెచ్చి ఇనుప దువ్వెనతో రుద్దుతుంటే, చలికాలమంతా పెరిగిన బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి గాలికి ఎగిరేది. నేను ఆరేసిన చీరలకు అంటుకునేది, బియ్యం చాటలో పడేది. పిచ్చుకలకు మాత్రం పండుగే. ముక్కునిండా కరుచుకుని చూరులోకి పోయేవి. నేను విసుక్కుంటూనే నా గడప ముందు కూర్చుని, కుక్కను ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని చెవుల్లోంచి గోమార్లు ఏరి గాసునూనె గిన్నెలో వేసేదాన్ని. రక్తం తాగి అవి శనగగింజలంత లావుగా ఉండేవి. ఏరడం అయ్యాక ఒంటికి వేపనూనె పట్టించేదాన్ని.

మా రెండు వైపులకూ మధ్య ఒక మోరీ ఉండేది. చేదబావి దగ్గర పోసిన నీళ్ళు వీధిలోకి పోయే చిన్న కాలువ అది, ఒక్క అడుగు వేస్తే దాటొచ్చు. కుక్క మాత్రం దాటకూడదు. నేను సామాను దించిన రోజే ఆయన పెట్టిన షరతు అది. మాది నమాజు చేసుకునే ఇల్లు పంతులమ్మా, కుక్క తగిలితే మళ్ళీ కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి, ముసలోణ్ణి ఎన్నిసార్లని మార్చుకుంటాను అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కానీ మొగుడు పోయిన ఆడది, ఒంటరిగా, పైగా ఒక ఊరకుక్కను వెంటేసుకుని వస్తే ఇల్లిచ్చేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదు. సరేనని దిగాను. కుక్కకు మోరీ దాటొద్దని నేర్పడానికి నాకు చాలా అరుపులు పట్టాయి.

నాకు అప్పటికి ముప్పై దాటాయి. పెళ్ళైన కొద్దికాలానికే మా ఆయన పోతే ట్రైనింగు చేసి ఆడపిల్లల బడిలో టీచరునయ్యాను. మాది కరీంనగర్ వైపు. మనుషులతో నాకు పెద్దగా పడేది కాదు. ఎవరైనా జాలిపడితే కోపం వచ్చేది, పడకపోయినా కోపం వచ్చేది. కుక్కపిల్ల బడి వెనక గోడ దగ్గర దొరికింది. రాత్రి నా మంచం కింద పడుకునేది. అది ఊపిరి తీసే చప్పుడు వింటేనే నాకు నిద్ర పట్టేది. ఇంట్లో ఇంకో ప్రాణం ఉందన్న ధైర్యం ఎంతటిదో అది లేనివాళ్ళకే తెలుస్తుంది.

ఇంటాయనదీ ఒంటి బతుకే. భార్య పోయి చాలా ఏళ్ళయింది, ఒక్క కూతురు రామాయంపేటలో కాపురం చేస్తోంది. బస్టాండులో దిగినవాళ్ళను టాంగాలో చర్చి దగ్గరికో తహసీలు కచేరీకో చేర్చి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి గుర్రంతో ఉర్దూలో మాట్లాడుకుంటూ కూర్చునేవాడు. నాతో మాత్రం మోరీకి అటువైపు నిలబడి తెలుగులో మాట్లాడేవాడు. నేను చాచా అనేదాన్ని.

ఏడాదికోసారి వసంతంలో ఇద్దరం కలిసి పశువుల దవాఖానకు పోయేవాళ్ళం. గుర్రానికి నులిపురుగుల మందు, నా కుక్కకు పిచ్చి రాకుండా సూది. నేను టాంగాలో వెనక కూర్చునేదాన్ని. కుక్కను ఎక్కించడం కుదరదు కాబట్టి అది టాంగా కింద, రెండు చక్రాల నడుమ నీడలో పరుగెత్తుకుంటూ వచ్చేది. ఇంటికొచ్చాక ఆయన బెల్లం, వాము, సొంఠి, వేపచిగురు కలిపి దంచి, నిమ్మకాయంత ముద్దలు చేసి గుర్రానికి తినిపించేవాడు. ఎండుగడ్డి పోయి మేత మారేటప్పుడు కడుపు చెడకుండా అది ఆయన తండ్రి నాటి మందు.

ఒక ఏడు వానలప్పుడు ఆయన మేకపిల్లను తెచ్చాడు. బక్రీదుకు అందరూ పండుగ ముందు సంతలో కొనేవాళ్ళు. ఆయనకు అది నచ్చేది కాదు. చేత్తో మేపాలి, దాని మీద ప్రేమ పుట్టాలి, అప్పుడిస్తేనే ఇచ్చినట్టు అనేవాడు. వేరే చోటు లేక దాన్ని కొట్టంలో గుర్రం పక్కనే గుంజకు కట్టాడు. చలికాలం వచ్చేసరికి మేక గుర్రం కాళ్ళ మధ్య పడుకోవడం మొదలుపెట్టింది. ఉలవల బకెట్లో రెండూ ఒకేసారి మూతి పెట్టేవి. టాంగా తిరిగి వీధి మలుపు దగ్గరికి రాగానే మేక అరిచేది, గుర్రం నడక పెంచేది. వసంతం మందు ముద్దలు దంచినప్పుడు మేక కూడా రోలు నాకింది, ఆయన నవ్వి కాస్త దానికీ పెట్టాడు.

ఆసారి బక్రీదు వేపపూత రోజుల్లో వచ్చింది. పొద్దున్నే ఆయన మేకకు నీళ్ళు పోసి, తుడిచి, నుదురు చాలాసేపు నిమిరాడు. కళ్ళు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను. తర్వాత దాన్ని వీధి చివర బంధువుల ఇంటికి తోలుకుపోయాడు. గుర్రం కొట్టంలోంచి మెడ బయటకు చాపి చూసింది. సాయంత్రానికి మాంసం పంచడం అయిపోయింది. ఆయన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు.

మర్నాటి నుంచి గుర్రం బకెట్లో మూతి పెట్టలేదు. మొదట ఎవరం పట్టించుకోలేదు. కొత్త బొచ్చు వచ్చే కాలం, ఎండ మొదలైంది, నోటికి సయించట్లేదేమో అనుకున్నాం. ఆయన మందు ముద్దలు మళ్ళీ చేశాడు. గుర్రం నోట్లో పెట్టుకుని కింద పడేసింది. నాలాలు కొట్టేవాణ్ణి పిలిచి గిట్టలు చూపించాడు. పచ్చగడ్డి కోసి తెచ్చి చేత్తో పెట్టాడు. రెండు పరకలు నమిలి మొహం తిప్పుకుంది. మందు సరిగ్గా దంచలేదేమోనని నేను ఆయన మీద గొంతు లేపాను. ఆయన కిందపడ్డ ముద్ద ఏరి మళ్ళీ రోట్లో వేసుకున్నాడు, అది చూసి నాకు ఇంకా భయమేసింది.

దవాఖాన డాక్టరు ఓపిక గల మనిషి. పళ్ళు చూశాడు, పొట్టకు చెవి ఆనించి విన్నాడు, జ్వరం చూశాడు. రోగమేమీ కనపడట్లేదు, కానీ ఇట్లా ఎండుకుపోతే వేసవి గట్టెక్కదు, ఎట్లాగైనా తినేటట్టు చూడండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన టాంగా ఎక్కలేదు, కళ్ళెం పట్టుకుని నడిచాడు. నేనూ నడిచాను. ఆ రోజు నుంచి టాంగా కాడి దింపేసి వాకిట్లో నిలబెట్టాడు. ఆయనకు కూడు పెట్టేదీ, తోడుండేదీ ఆ గుర్రమొక్కటే.

మర్నాడు బడి నుంచి వచ్చి గుర్రాన్ని చూస్తూ నిలబడ్డాను. పక్కటెముకలు బయటపడ్డాయి. రాలాల్సిన పాత బొచ్చు ఇంకా అక్కడక్కడ అట్టకట్టి ఉంది. ఆయన దువ్వడం మానేశాడు. గుర్రం మాత్రం గోడవైపు మొహం పెట్టి, ఖాళీ గుంజను చూస్తోంది. గుంజకు మేక తాడు ముక్క అట్లాగే ఉంది.

నాకు నా సంగతి గుర్తొచ్చింది. మా ఆయన పోయిన కొత్తలో నేను కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి, లేచిపోయేదాన్ని. మా అత్తగారు నాకు కడుపులో ఏదో తేడా చేసిందనుకుని పూటపూటా వాము కషాయం కాచి తాగించింది. పాపం, ప్రేమతోనే తాగించింది. నేను మోరీ దగ్గరికి పోయి, చాచా, మీ గుర్రానికి మందులొద్దు, అది మేక కోసం ఎదురు చూస్తోంది అన్నాను.

ఆయన గుంజ వైపు చూశాడు. పక్కింటివాళ్ళ మేకను అడిగి తెచ్చి కట్టి చూశాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి కాలు విసిరింది. చిన్న మేకపిల్లను కొనుక్కురమ్మని నేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మళ్ల మేకను తెస్తే మళ్ల పండుగొస్తది గద పంతులమ్మా."

ఆ తర్వాతి ఆదివారం నా కుక్క షరతు తప్పింది. గుర్రం ముట్టకుండా వదిలేసిన ఉడికిన ఉలవలు బకెట్లో ఉన్నాయి. ఎండకు ఆ వాసన వాకిలంతా వస్తోంది. నేను బియ్యం ఏరుతూ చూడనే లేదు. తలెత్తేసరికి కుక్క మోరీ దాటి, కొట్టంలోకి పోయి, బకెట్లో మూతి పెట్టి తింటోంది. నేను అరవబోయాను. గుర్రం మెడ వంచి కుక్క వీపును వాసన చూసింది. కుక్క కదల్లేదు. గుర్రం మూతితో దాన్ని కాస్త పక్కకు నెట్టి, తనూ బకెట్లో మూతి పెట్టింది. ఉలవలు నమిలే చప్పుడు నాకు ఇవతలికి వినిపించింది. ఆయన చేతిలో చేంతాడు పట్టుకుని బావి దగ్గర అట్లాగే నిలబడిపోయాడు.

కుక్కను నేను పిలుచుకున్నాను. గుర్రం తినడం ఆపింది.

ఆ సాయంత్రం ఆయన మోరీకి అటువైపు వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు. ఎండల సంగతి అడిగాడు, బడి సంగతి అడిగాడు. నాకు తెలుసు ఏమడగబోతున్నాడో. నేను సాయం చేయలేదు.

"పంతులమ్మా, మీ కుక్కను జర రాత్రిపూట కొట్టంల పండనిస్తరా?"

"మోరీ దాటొద్దని మీరే అంటిరి గద చాచా."

"అంటి. మాట నాదే. ఇప్పుడు అడుక్కునేది గూడ నేనే."

నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఎంత కోపమంటే దీపం కూడా వెలిగించలేదు. నా కుక్క నాకు తప్ప ఎవరికీ పనికిరానన్ని రోజులు అంటు, పనికొచ్చేసరికి తోడు! మరి నా మంచం కింద ఎవరు పడుకుంటారు? గుర్రం తినకపోతే అందరికీ కనపడుతుంది. నేను తిన్నానో లేదో చూసేదెవరు? కుక్క వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. దానికి ఇవేమీ తెలియవు.

తెల్లవారాక కుక్క పడుకునే గోనెసంచి దులిపి, మడిచి, మోరీ దాటి కొట్టంలో గుంజ పక్కన పరిచాను. మేక తాడు ముక్క ఆయనే విప్పాడు.

గుర్రం తిన్నది. మొదట గుప్పెడు, తర్వాత సగం బకెట్టు. ఎండలు ముదిరేసరికి పాత బొచ్చంతా ఊడి, ఒళ్ళు నిగనిగలాడింది. టాంగా మళ్ళీ బస్టాండుకు పోయింది. ఆయన కొట్టం పనికి ఒక పాత జత బట్టలు వేరుగా పెట్టుకున్నాడు. పని కాగానే బావి దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకుని నమాజుకు పోయేవాడు. కుక్కను పొరపాటున కూడా ముట్టుకునేవాడు కాదు. దాని అన్నం మాత్రం దూరం నుంచి మరిచిపోకుండా వేసేవాడు.

కుక్కను పోగొట్టుకుంటున్నానని అప్పుడు అనుకోలేదు. మొదట్లో కుక్క పొద్దున్నే నా గడప దగ్గరికొచ్చి తలుపు గీకేది. తర్వాత తర్వాత టాంగా వెంట బస్టాండుకు పోవడం మొదలుపెట్టింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి, తోక ఊపి, పెట్టింది తిని, కాసేపు కూర్చుని, కొట్టం వైపు చూసి లేచిపోయేది. చుట్టం వచ్చిపోయినట్టుండేది. మంచం కింద ఖాళీగా ఉండేది. నాకు చాలా ఒంటరిగా అనిపించేది, ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు. మరుసటి వసంతం గోమార్లు ఏరే రోజు మాత్రం అది పూర్తిగా నాది. నా ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకుంది. నేను కావాలనే మెల్లగా ఏరాను.

ఆ వేసవి చివర నాకు బదిలీ వచ్చింది, ఆదిలాబాదు జిల్లాకు. గొలుసు కొని సంచిలో పెట్టుకున్నాను. సామాను టాంగాలో వేసి బస్టాండుకు బయలుదేరాం. కుక్క ఎప్పటిలాగే చక్రాల నడుమ నీడలో పరుగెత్తుకొచ్చింది. బస్సు వచ్చి నిలబడింది. నేను దిగి గొలుసు బయటకు తీశాను. గుర్రం మెడ తిప్పి కుక్కను వెతుక్కుంది.

"తోల్కపోండ్రి. మీ కుక్కనే," అన్నాడు ఆయన. కళ్ళెం లాగి గుర్రం మొహం ఇటు తిప్పాడు. "గుర్రం సంగతి నేను చూసుకుంట."

ఎట్లా చూసుకుంటాడో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. గొలుసు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కండక్టరు కేకేశాడు.

"మరి దాని చెవులల్ల గోమార్లు ఎవరు తీస్తరు చాచా?"

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత వంగి, అన్నేళ్ళలో మొదటిసారి, నా కుక్క తల మీద చేయి పెట్టాడు.

"నేనే తీస్త."

గొలుసు మళ్ళీ సంచిలో వేసుకుని బస్సెక్కాను. కదిలాక కిటికీలోంచి చూస్తే కుక్క టాంగా కింద చల్లగా పడుకుని ఉంది.

కొత్త ఊళ్ళో చాలాకాలం కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి, లేచిపోయేదాన్ని. ఈసారి వాము కషాయం కాచి ఇచ్చేవాళ్ళు కూడా లేరు.