ముప్ఫై మూడు బీడీల దూరం

మా అత్తమ్మకు గడియారం చూడడం రాదు. ఆ అవసరమే ఆమెకు పడలేదు. పదకొండేళ్ళ వయసు నుంచి బీడీలు చుడుతోంది. అన్నం ఉడకడానికి ఎంతసేపు పడుతుంది, నల్లా ఎంతసేపు వస్తుంది అని ఎవరైనా అడిగితే బీడీల లెక్కలోనే చెబుతుంది. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకసారి గోడ గడియారం చూసుకుంటూ ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆకులో తంబాకు వేయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, చాటలో పడేయడం. చేతులు కనబడేవి కావు. ఇరవై నిమిషాల్లో చాటలో నలభై బీడీలు పడ్డాయి. నిమిషానికి రెండు.

నేను కామారెడ్డిలో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తాను. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కి సాయంత్రం తిరిగొస్తాను. ముప్ఫై తొమ్మిదో ఏట ఒక సాయంత్రం కామారెడ్డి బస్టాండులో కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తాను. పట్టుమని వంద అడుగులు లేవు. బస్సయితే ఆగింది కానీ నా ఊపిరి సగం దారి దాకా కుదుటపడలేదు. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చేతిలో పెడుతూ, "అక్కా, జర ఉరుకుడు నేర్చుకో. రోజూ ఆపుమంటే నాతోని కాదు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మరునాడు తెల్లవారగానే కాన్వాసు బూట్లు వేసుకుని బయల్దేరాను.

మా ఇల్లు ఊరి చివర. గడప దిగితే బండ్లబాట. పొలాల మధ్య నుంచి గుట్ట దాకా వెళ్ళి, దాన్ని చుట్టి, అదే బాటలో వెనక్కి రావాలి. మూడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మొదటి రోజు తిరిగొచ్చేసరికి అత్తమ్మ చాటలో చూసి, "యాభై నాలుగు. గింత సేపేంది బిడ్డా, గుట్టకు పూజ చేసొచ్చినవా?" అంది. అప్పటి నుంచి అదే అలవాటైపోయింది. నేను గడప దిగేటప్పుడు ఆమె ఖాళీ చాట ఒళ్ళో పెట్టుకునేది. నేను తిరిగొచ్చి గడప తొక్కగానే చేతులు ఆపి లెక్కపెట్టేది.

ఫోన్లో చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. పరుగెత్తేటప్పుడు చేతిలో ఫోను నాకు అడ్డం. అది పైకి చెప్పే మాట. అసలు మాట, అత్తమ్మ నోట వినే అంకె నాకు ఇష్టం. మా ఆయన డీసీఎం వ్యాను నడుపుతాడు. వారంలో సగం రోజులు మద్నూర్ దాటి మహారాష్ట్రలోనే ఉంటాడు. ఇంట్లో మేమిద్దరమే. ఇన్నేళ్ళలో మా మాటలన్నీ కూరలో ఉప్పు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేవి. ఈ అంకె వచ్చాక మాకు పొద్దున్నే మాట్లాడుకోవడానికి ఒకటి దొరికింది.

మూడు నెలల్లో యాభై నాలుగు కాస్తా నలభై ఎనిమిదికి వచ్చింది. ఆ తర్వాతి ఏడాదిలో నలభై నాలుగు, నలభై, ముప్ఫై ఏడు. చలికాలం వచ్చేసరికి ముప్ఫై మూడు. అంత తక్కువ అంకె విన్న రోజు నేను బూట్లు విప్పకుండానే వాకిట్లో గంతులేశాను. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాడకట్టు ఆడవాళ్ళకు, "మా కోడలు ఉరికితే కాళ్ళు కనవడయ్" అని ఆమే చెప్పుకుంది.

ఇప్పుడు కూర్చుని తలచుకుంటే అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. ఆ ఏడాదే ఆమె నాకు జడ వేయడం మానేసింది. బీడీ కార్ఖానాలో ఆమె చుట్టినవాటిని వదులుగా ఉన్నాయని ఏరి పక్కన పెట్టడం మొదలైంది. "ఈసారి ఆకు మంచిగ లేదు" అంది. నేను నమ్మాను. నిజం చెప్పాలంటే, నమ్మడానికి కూడా నేను ఆ మాట సరిగ్గా వినలేదు. నా ధ్యాసంతా నా కాళ్ళ మీదే ఉంది.

పోచారం చెరువు అవతలి అడవిలో పరుగు పందెం పెడుతున్నారని, ఇరవై కిలోమీటర్లని, దుకాణానికి వచ్చిన ఒక నాగిరెడ్డిపేట రైతు చెప్పాడు. ముప్ఫై మూడు బీడీల మనిషిని, నాకేం తక్కువ అనుకుని పేరిచ్చాను. ఆ రోజు బయల్దేరే గీత దగ్గర ముందు వరసలో నిలబడ్డాను. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ, చేతికి గడియారం, వీపున నీళ్ళ సంచి, నన్ను చూసి, "మీ టైమింగ్ ఎంతండీ?" అని అడిగింది. ముప్ఫై మూడు అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె దారిన ఆమెను పోనిస్తే సరిపోయేది, పంతం కొద్దీ ఆమె వెనకే పడ్డాను.

ఆరు కిలోమీటర్లు ఆమె వీపు కనబడింది. ఆ తర్వాత కనబడలేదు. పది దాటేసరికి తొడలు రాళ్ళయ్యాయి. వెనక నుంచి ఒక్కొక్కరే దాటి వెళ్ళిపోతున్నారు. అలసినప్పుడు దిగుడులో అడుగు చిన్నగా వేయాలని ఎవరూ చెప్పనక్కర్లేదు, బుద్ధి ఉంటే చాలు. నేను మాత్రం పోయిన టైమంతా దిగుడులో రాబట్టుకుందామని కాళ్ళు వదిలేశాను. మొరం మీద కుడికాలు జారి రెండు రాళ్ళ సందులో మడతపడింది. లోపల ఏదో తెగినట్టు చప్పుడు నా చెవులకు వినబడింది. వాలంటీర్లు వచ్చి జీపులో ఎక్కించేదాకా ఆ మొరంలోనే కూర్చుని ఏడ్చాను. నొప్పికి కాదు, కోపానికి.

ఇంటికి రాగానే అత్తమ్మ చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి వేడివేడిగా పట్టు వేసింది. మరునాటికి చీలమండ గుమ్మడికాయంత అయింది. కామారెడ్డిలో ఎముకల డాక్టరు ఫొటో తీయించి, ఎముక విరగలేదు, కీలు పట్టుకునే నరం సగం చినిగింది అన్నాడు. "వాపు మీద వేడి పెడుతరా అమ్మా?" అని గదిమాడు. మొదటి రోజులు ఐసు, బిగుతుగా పట్టీ, కాలు ఎత్తున పెట్టడం. ఐసు ఇరవై నిమిషాలకు మించొద్దు, చర్మం కాలుతుంది. తర్వాత మెల్లగా కసరత్తులు. ఆరు వారాలు పరుగు మాట ఎత్తొద్దు.

ఆ మాటతో నా జీవితంలో మొదటిసారి ఒక పొద్దున పూట ఊరికే కూర్చున్నాను. దర్వాజా పక్కన కుర్చీ, ముందు ముక్కాలి పీట, పీట మీద కాలు, కాలి మీద తువ్వాలలో చుట్టిన ఐసు ముక్కలు. ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం. ఎదురుగా అత్తమ్మ ఖాళీ చాటతో అప్పుడే కూర్చుంది. నాకు తోచక ఆమె చేతులు చూస్తున్నాను. ఈసారి చేతులు కనబడుతున్నాయి. దారం కొస బొటనవేలికి అందడం లేదు. రెండుసార్లు జారి, మూడోసారి దొరుకుతోంది. మధ్యలో కుడిచెయ్యి తీసి చాట కింద దాచుకుంటోంది. అక్కడ చాట అంచు సన్నగా వణుకుతోంది.

అలారం మోగింది. నేను వంగి లెక్కపెట్టాను. ఇరవై ఏడు.

ఇరవై నిమిషాలకు ఇరవై ఏడు. ఆ లెక్కన ముప్ఫై మూడు బీడీలంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఏడాది కింద నిమిషానికి రెండు చొప్పున నలభై ఎనిమిది చుట్టినప్పుడూ ఇరవై నాలుగే. కాలి మీద ఐసు పెట్టుకుని ఆ లెక్క ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చింది. ఏడాదిగా నేను ఒక్క నిమిషం కూడా ముందుకు జరగలేదు. అంకె తగ్గిన ప్రతిసారీ ఆమె చేతులు అంత పడిపోయాయి. దానికి నేను వాకిట్లో గంతులేశాను.

"అత్తమ్మా, నీకు ఎరికేనా?" అన్నాను.

ఆమె నా మొహం చూసింది, ఫోను చూసింది, చాటలో చూసింది. ఏం ఎరుకని తిరిగి అడగలేదు.

"ఎరికే."

"మరి ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? నువ్వు గడప తొక్కంగనే ఎన్ని అని అడుగుతవ్. తక్కువ చెప్తే నీ మొకం ఎలిగిపోతది. ఈ ఇంట్ల పొద్దుపొద్దుగాల నవ్వే మొకం నేనెన్నడు చూసిన? ఉండనీ అనుకున్న." ఇంకో ఆకు చేతిలోకి తీసుకుని, "చేతులు పడిపోయినయంటే ఇంక నాకు ఏం పని ఉంటదే?" అంది.

నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆమె బయటపెట్టకపోవడం వేరు. ఒకే ఇంట్లో ఉండి నేను చూడకపోవడం వేరు. నా కాలు మళ్ళీ చూపించుకోవడానికి కామారెడ్డి వెళ్ళిన రోజే ఆమెను వెంటబెట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నేను కుంటుతూ, ఆమె చిన్న చిన్న అడుగులు వేస్తూ. ఎవరు ఎవరిని పట్టుకుని నడిచామో చెప్పలేను. వణుకుడు జబ్బు అన్నాడు డాక్టరు. మొదలై ఏడాది దాటిందన్నాడు. మందులతో కొంత సాగుతుంది, పూర్తిగా పోదు, చేతులకు పని చెప్పడం మాత్రం ఆపొద్దు అన్నాడు. ఆ ఒక్క చివరి మాటకే ఆమె తలెత్తింది.

ఆ ఆరు వారాలు ఇద్దరం కలిసే కసరత్తు చేశాం. నేను కాలి బొటనవేలితో గాలిలో అ ఆ ఇ ఈ రాస్తే, ఆమె చిన్నపిల్లల బంతిని పిడికిట్లో పిసికేది. నేను గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడితే, పడతానేమోనని చేయి అడ్డం పెట్టేది. ఆ చేయి వణుకుతూనే ఉండేది.

మళ్ళీ పరుగు మొదలుపెట్టినప్పుడు ఫోను నడుముకు కట్టుకున్నాను. ఈసారి నాకు కావలసింది వేగం కాదు. గుట్ట చుట్టి ఇంటికి రావడానికి సరిగ్గా ఇరవై నాలుగు నిమిషాలు పట్టాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నా పరుగు కదలకుండా ఉంటే ఆమె చేతులు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఎగుడులో ఎంత ఆగాలి, దిగుడులో ఎంత బిగబట్టాలి అన్నది ఒంటికి పట్టడానికి నెల పట్టింది. పందెం కోసం కూడా అంత శ్రద్ధగా నేను సాధన చేయలేదు. మందులు పట్టాక అంకె ముప్ఫై ఎనిమిది దాకా ఎక్కింది. ఆ వేసవంతా మా ఇల్లు ఇల్లులా ఉంది.

తర్వాత మళ్ళీ జారడం మొదలైంది. ముప్ఫై ఐదు. ముప్ఫై రెండు. అంకె చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గిపోయేది. చూడలేకపోయాను. ఒకరోజు ఇరవై నాలుగు నిమిషాలకే వాడ మలుపు దాకా వచ్చి, పక్కింటి ప్రహరీ చాటున ఆగాను. ఇంకో ఏడు నిమిషాలు నిలబడి, చెమటలా కనబడాలని వాళ్ళ నల్లా నీళ్ళు మొహాన చల్లుకుని, రొప్పుకుంటూ గడప తొక్కాను.

ఆమె లెక్కపెట్టింది. "నలభై" అంది. నవ్వలేదు. చాట పక్కన పెట్టి నన్ను కూర్చోమంది.

"గోడ కాడ నీ నీడ కనవడుతనే ఉన్నది. ఏం జేసినవ్ గంత సేపు?"

నేను వంగి బూట్ల దారాలు విప్పడం మొదలుపెట్టాను.

"అప్పుడు నేను నిన్ను మోసం జేసిన. కాలు ఇరగ్గొట్టుకొని వస్తివి. మల్ల గదే పని నువ్వు జేస్తవా?"

"నీ మొకం చూడలేకపోతున్న అత్తమ్మా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె వణికే చేత్తోనే నా చెమట తుడిచింది.

మరునాడు ఎక్కడా ఆగలేదు. గడప తొక్కేసరికి ఫోనులో ఇరవై నాలుగు నిమిషాలు. ఆమె ఒక్కొక్క బీడీనీ వేలితో జరుపుతూ లెక్కపెట్టింది. పొద్దెక్కుతోంది, నాకు బస్సు టైమవుతోంది, అయినా కదల్లేదు.

"ఇరవై తొమ్మిది" అంది. బాగుందనీ, బాగాలేదనీ నేను అనలేదు. ఆమె చాట ఖాళీ చేసి, బోర్లించి దుమ్ము దులిపి, మళ్ళీ వెల్లకిలా పెట్టుకుంది.

"రేపు గూడ ఉరుకు. ఉరుకుడు బందు పెట్టకు బిడ్డా. నేనెంతల ఉన్ననో నాకు తెలవాలె గద."