బేసి సంఖ్యకు రెండు

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో పెద్ద సంఖ్య కొట్టి, రెప్పపాటులో దాని ప్రధాన కారణాంకాలు చూపించి మురిసిపోతుంటే, నేను ఊరుకోలేక వాటిని కాగితం మీద గుణించి సరిచూశాను. అది నవ్వింది గానీ, ఈ అనుమానం నాకెక్కడ అంటుకుందో దానికేం తెలుసు!

ఎనభైల చివర్లో నేను నరసరావుపేటలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా పిన్ని కొడుకు గుంటూరులో కంప్యూటర్ నేర్చుకుని వచ్చి, బస్టాండు దగ్గర ఒక మేడ మీద గది తీసుకుని పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆ పెట్టెను చూడటమే ఒక వింత. నకరికల్లు, గురజాల వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు పిల్లల్ని పంపాలా వద్దా అని నన్నే అడిగేవారు, నేను కాదంటే తమ్ముడి గది మూతపడటమే.

వాడు అందరికీ చూపించేది తాను రాసిన ఒక ప్రోగ్రాము. నల్లటి తెర మీద సంఖ్య కొట్టి మీట నొక్కితే, అది ఏయే ప్రధాన సంఖ్యల గుణకారమో వరసగా పడేది. చూసినవాళ్ళు నోళ్ళు తెరిచేవారు. ఎప్పుడూ వాడు చెప్పిన సంఖ్యలే కొట్టించడం చూసి, జవాబులు ముందే లోపల దాచిపెట్టాడేమోనని నాకు మాత్రం మనసులో పీకుతుండేది. సొంతవాడని వెనకేసుకురానూ లేను, పదిమందిలో నిలదీయనూ లేను.

ఒక ఆదివారం గది నిండా జనం ఉండగా ఇక ఉండబట్టలేక, నేనే ముందుకెళ్ళి చివర మూడు ఉన్న ఎనిమిది అంకెల సంఖ్య కొట్టాను. మొట్టమొదట పడిన కారణాంకం రెండు!

"ఏందయ్యా, బేసి సంఖ్యను రెండు ఎట్టా భాగిస్తది?" అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. జనం మెట్లు దిగి వెళ్ళాక, "నేను మోసం చేస్తన్నాననుకున్నావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"అనుకున్నాన్రా," అన్నాను.

వాడు కోప్పడలేదు. నాచేతనే సంఖ్యలు కొట్టించుకుంటూ కొన్నాళ్ళు కుస్తీపట్టి, చివరికి సంగతి కనుక్కున్నాడు. జవాబులేవీ దాచలేదు, చిన్న సంఖ్యల్ని అది నిజంగానే భాగిస్తోంది. మరీ పెద్దదైతే మాత్రం అంకెలన్నీ పట్టక, చివరి అంకెను తనకు తోచినట్టు మార్చేసుకుని, ఆ మారినదాన్ని భాగిస్తోంది. దాంతో వాడు, పెద్ద సంఖ్య కొడితే ఇది నాకు రాదు అని తెర మీద పడేలా దిద్దాడు.

"రాదని చెప్పుకుంటే ఎవరొస్తార్రా?" అని పిన్ని మొత్తుకుంది.

"అబద్ధం చెప్పేదానికన్నా చానా నయంలేమ్మా," అన్నాడు. ఆ మాటే తల్లిదండ్రులకూ చెప్పాడు. కొందరు మళ్ళీ రాలేదు. మిగిలినవాళ్ళు అడిగితే, పంపమని నేను ధైర్యంగా చెప్పాను, బడి నిలబడింది.

ఆ తర్వాత ఏ ప్రోగ్రాము రాసినా ముందు నాకే కబురు పెట్టేవాడు. ఇప్పటి యంత్రాలు ఎంతటి సంఖ్యకైనా తడుముకోకుండా చెబుతాయి, చాలామటుకు సరిగ్గానే చెబుతాయి. కానీ తప్పు పట్టమని పిలిచి, పక్కన కుర్చీ జరిపి, నేను వేలు పెట్టి చూపించేదాకా ఓపిగ్గా కాచుకునే మనిషి మాత్రం ఇప్పుడు లేడు.