రైలు దారిలో మా బాబు

దుబాయ్‌లో సత్వా అనే పేటలో మేం ఆరుగురు ఆడవాళ్ళం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అందరిదీ గోదావరి జిల్లాలే, అందరివీ ఇళ్ళల్లో పనులే. ఊళ్ళో మా కొబ్బరి దొడ్డిలో రెండు గదుల ఇల్లు వేసుకుందామని నేను ఇంత దూరం వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మంచాలు గోడకి జరిపి, చాప పరిచి ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఒక్కొక్కరూ తమ మనవి చెప్పాలి. నా మనవి ఎప్పుడూ ఒకటే: ఏటి మధ్యనున్న మా లంక ఊళ్ళకి రైలు రావాలి, దానికి సర్కారు డబ్బులివ్వాలి.

"ఈ వదినకి మొగుడు గుర్తు రాడు, రైలే గుర్తొత్తాది" అని నవ్వేవారు. నవ్వితే నవ్వనీ. నాలుగేళ్ళ మా బాబుకి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే ఆసుపత్రికని పంటు ఎక్కాం. మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ అది. బాబుకి నీళ్ళంటే చచ్చేంత భయం. "దిగిపోదామమ్మా" అని ఏడ్చాడు. ఏటి మధ్యలో ఎక్కడ దిగుతాం? అవతలి గట్టు కనిపిస్తుండగానే నా ఒళ్ళో పోయాడు. రైలూ, దాని వంతెనా ఉండి ఉంటే బతికేవాడని ఇప్పటికీ అంటాను. ఎవరైనా కాదంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు బడ్జెట్టులో మా లైనుకి డబ్బులిచ్చారని ఫోన్లో వార్త వచ్చింది. ఇక నేను ఆగుతానా? మనవి తీరితే నిలబడి సాక్ష్యం చెప్పి, అందరికీ భోజనం పెట్టడం మా అలవాటు. ఆ ఆదివారమే కోడికూర వండాను. దేవుడు నా మొర విన్నాడని గొంతెత్తి చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆ రైలు ఏ దారిన పోతుందో అడగాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

చేతులు కడుక్కుంటుంటే తమ్ముడి వీడియో కాల్ వచ్చింది. వాడి వెనకాల మా చర్చి సమాధుల తోట. అక్కడ ఎర్ర జెండాల కర్రలు పాతి ఉన్నాయి.

"అక్కా, కొలతలోళ్ళొచ్చారు. లైను ఇటే అంట."

"ఇటంటే ఎటురా? సరిగ్గా చూపించి చావు!"

వాడు ఫోను తిప్పాడు. బొమ్మ ఆగిపోయింది. బొమ్మ మళ్ళీ కదిలేసరికి బాబు సమాధి కనిపించింది. తలవైపు ఒక జెండా, కాళ్ళవైపు ఒక జెండా.

"అయ్యో దేవుడా" అంది పక్కమంచం వదిన. ఆ దేవుడి మీదే నాకు పట్టరాని కోపం వచ్చింది.

"ఊళ్ళో అందరూ రేపు మీటింగులో వద్దని రాసిద్దామంటన్నారక్కా. బాబు సంగతి నువ్వే చెప్పాల. ఒప్పుకుంటే సమాధులన్నీ తీసి ఏటవతల పెడతారంట, అక్కడ స్థలం చూపించారు."

వద్దని నోటిదాకా వచ్చింది. అంతలో ఆ పంటు ఇంకా తిరుగుతూనే ఉందని గుర్తొచ్చింది. ఎవరో ఒక తల్లి ఇవాళ కూడా బిడ్డని ఒళ్ళో వేసుకుని దాని మీద కూర్చునే ఉంటుంది.

"అక్కా, వినపడతందా?"

"వినపడతంది. వద్దని రాయకు. రైలు రానీ."

"మరి బాబు?"

"ఏటవతలకి వద్దు. మన కొబ్బరి దొడ్డిలో పెట్టు."

"అక్కడ నువ్వు ఇల్లేసుకుంటానన్నావు కదక్కా! దానికోసమే కదా దుబాయ్ వెళ్ళింది!"

"ఇల్లు లేకపోతే చచ్చిపోనులేరా," అన్నాను. "వాణ్ణి మాత్రం మళ్ళీ ఆ పంటు ఎక్కించకు."